బ్రేక్‌పాయింట్ దాకా రాని రిక్వెస్ట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన మెయిళ్ళు చాలావరకు ఒకే గుమ్మం దగ్గర ఆగాయి, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో కంట్రోలర్లు (వచ్చిన రిక్వెస్ట్‌లకి జవాబిచ్చే క్లాసులు) పెట్టి వెబ్ ఏపీఐ (యాప్‌లు డేటా అడిగి తీసుకునే సర్వర్ ప్రోగ్రామ్) రాయడం దగ్గర. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. కొన్ని మెయిళ్ళతో కోడ్ కూడా పంపారు, అది ఇక్కడ వెయ్యలేం కాబట్టి విషయం మాటల్లోనే చెప్తా, చదువుతూ పక్కన మీ ప్రాజెక్ట్ తెరిచి పెట్టుకోండి.

ప్రశ్న: అక్కా, నేను అమీర్‌పేటలో డాట్‌నెట్ కోర్సు చేస్తున్నా. ప్రాజెక్ట్ కింద పచ్చళ్ళ ఆర్డర్లు తీసుకునే ఏపీఐ రాస్తున్నా. పోస్ట్ మెథడ్ మొదటి లైన్లోనే బ్రేక్‌పాయింట్ (కోడ్ నడుస్తూ వచ్చి ఆగాల్సిన గుర్తు) పెట్టా, పోస్ట్‌మ్యాన్ (ఏపీఐకి చేత్తో రిక్వెస్ట్ పంపి చూసే టూల్) నుంచి కొడితే 400 (రిక్వెస్ట్‌లో తప్పుందన్న కోడ్) వచ్చేస్తోంది కానీ బ్రేక్‌పాయింట్ మాత్రం తగలట్లేదు. రెండు రోజులైంది. నా కోడ్‌లోకి రాకుండానే దాన్ని ఎవరు వెనక్కి పంపిస్తున్నారు? (విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, నీ కంట్రోలర్ క్లాస్ నెత్తి మీద చదరపు బ్రాకెట్లలో ఉన్న ఏపీఐకంట్రోలర్ అన్న గుర్తు, అంటే అట్రిబ్యూట్, చేస్తున్న పని అది. 2018లో 2.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ప్రతి మెథడ్‌లోనూ మోడల్‌స్టేట్ (వచ్చిన డేటా తనిఖీ ఫలితం) సరిగ్గా ఉందా లేదా చూసి, లేకపోతే బ్యాడ్‌రిక్వెస్ట్ రిటర్న్ చేసే ఆ రెండు లైన్లు కాపీ పేస్ట్ చేసుకుంటూ పోయేవాళ్ళం, ఎక్కడో ఒకచోట మర్చిపోయేవాళ్ళం, సరిగ్గా ఆ మర్చిపోయిన చోట నుంచే చెత్త డేటా టేబుల్‌లోకి వెళ్ళేది. ఇప్పుడు ఆ అట్రిబ్యూట్ ఒక్కటి ఉంటే చాలు, వచ్చిన జేసన్‌ని (డేటాని పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్) నీ ఆర్డర్ క్లాస్‌లో నింపి, వ్యాలిడేషన్ నడిపి, తేడా కనిపిస్తే నీ మెథడ్‌ని అసలు పిలవకుండానే 400 ఇచ్చి పంపేస్తుంది. నీ బ్రేక్‌పాయింట్ తగలకపోవడానికి కారణం అదే.

మరి ఏం తేడా కనిపించింది అంటే, పోస్ట్‌మ్యాన్‌లో 400 అన్న అంకె చూసి ఆగిపోకుండా కింద బాడీ చదువు. అందులో ఎర్రర్స్ అని ఒక భాగం ఉంటుంది, ఏ ఫీల్డ్‌కి ఏం తక్కువైందో పేరుతో సహా చెప్తుంది. నువ్వు పంపిన ఆర్డర్ క్లాస్ చూస్తే నా అనుమానమంతా ల్యాండ్‌మార్క్ మీదే. దాన్ని ఉత్త స్ట్రింగ్ అని రాశావు, రిక్వైర్డ్ పెట్టలేదు కాబట్టి పంపకపోయినా పర్లేదు అనుకున్నావు. కానీ నీ ప్రాజెక్ట్ ఫైల్‌లో నలబుల్ ఎనేబుల్ అని ఉంది చూడు, కొత్త టెంప్లేట్లలో అది ముందే పెట్టి ఇస్తారు, అది ఉన్నప్పుడు పక్కన ప్రశ్నార్థకం లేని స్ట్రింగ్ అంటే తప్పనిసరి అని ఫ్రేమ్‌వర్క్ లెక్కేసుకుంటుంది. స్ట్రింగ్ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టు, లోపలికి వచ్చేస్తుంది.

దీనికి ఉల్టా ఇంకోటి ఉంది, అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ ఎర్రర్ రాదు. క్వాంటిటీని ఇంట్ అని పెట్టి పైన రిక్వైర్డ్ రాశావు కదా, ఆ రిక్వైర్డ్ వల్ల ఏ ఉపయోగం లేదు. జేసన్‌లో క్వాంటిటీ రాకపోతే ఇంట్ కాబట్టి అక్కడ 0 కూర్చుంటుంది, వ్యాలిడేషన్ వచ్చి చూసేసరికి 0 ఉంది, అది కూడా ఒక విలువే కదా అని వదిలేస్తుంది. అలా 0 కిలోల ఆవకాయ ఆర్డర్ నీ డేటాబేస్‌లో పడుతుంది. ఇంట్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి అప్పుడు రిక్వైర్డ్ పెట్టు, లేదంటే రేంజ్ అట్రిబ్యూట్‌తో 1 నుంచి మొదలెట్టు. రెండూ పెట్టినా మంచిదే.

అలాగే నీ క్లాస్ కంట్రోలర్ నుంచి ఇన్‌హెరిట్ అవుతోంది, ఏపీఐకి కంట్రోలర్‌బేస్ చాలు. కంట్రోలర్‌లో అదనంగా ఉండేది వ్యూలు, అంటే హెచ్‌టీఎంఎల్ పేజీలు ఇచ్చే సరంజామా. నీకు ఆ పని లేదు.

ప్రశ్న: మేడం, ఆర్డర్ సేవ్ అవుతోంది, టేబుల్‌లో రో కనిపిస్తోంది, కానీ రెస్పాన్స్ మాత్రం 500 (సర్వర్‌లో ఎర్రర్). మెథడ్ మొత్తం ట్రై క్యాచ్‌లో పెట్టినా క్యాచ్‌లోకి రావట్లేదు. లాగ్‌లో "ఇచ్చిన విలువలకి ఏ రూట్ సరిపోలేదు" అన్న అర్థంలో ఒక మెసేజ్ ఉంది. రూట్ లేకపోతే అసలు సేవ్ ఎలా అయింది? (జూనియర్ డెవలపర్, కాకినాడ)

జవాబు: అమ్మా, ఈ మెయిల్ చదివి నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. ఇదే తప్పు నేనూ చేశాను, ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తా.

ఆ మెసేజ్ లోపలికొచ్చిన రిక్వెస్ట్ గురించి కాదు, నువ్వు బయటికి పంపబోయే లింక్ గురించి. మెథడ్ చివర క్రియేటెడ్‌యాట్‌యాక్షన్ రాశావు, మంచి పని. అది 201 (కొత్తది తయారైందన్న కోడ్) ఇస్తూ, కొత్త ఆర్డర్ ఏ అడ్రస్‌లో దొరుకుతుందో లొకేషన్ హెడర్‌లో పెడుతుంది. ఆ అడ్రస్ తయారుచెయ్యడానికి దానికి ఒక యాక్షన్ పేరు కావాలి. నువ్వు నేమాఫ్ (మెథడ్ పేరుని స్ట్రింగ్‌గా ఇచ్చేది) వాడి గెట్‌ఆర్డర్‌అసింక్ అని ఇచ్చావు, మెథడ్ పేరు కూడా అదే, కంపైలర్‌కి ఏ అభ్యంతరం లేదు. కానీ 2019లో వచ్చిన 3.0 నుంచి ఫ్రేమ్‌వర్క్ యాక్షన్ పేర్ల చివర ఉన్న అసింక్ అన్న ముక్కని కత్తిరించేస్తుంది, అంటే దాని పుస్తకంలో ఆ యాక్షన్ పేరు గెట్‌ఆర్డర్ మాత్రమే. నువ్వు అడిగిన పేరుతో అక్కడ ఎవరూ లేరు, లింక్ కట్టలేకపోయింది, ఎక్సెప్షన్ విసిరింది.

క్యాచ్‌లోకి ఎందుకు రాలేదంటే, ఆ లింక్ తయారయ్యేది నీ మెథడ్ రిటర్న్ అయిపోయాక. నువ్వు రిటర్న్ చేసేది రెస్పాన్స్ కాదు, రెస్పాన్స్ ఎలా రాయాలో చెప్పే ఒక ఆబ్జెక్ట్, దాన్ని తీసుకుని ఫ్రేమ్‌వర్క్ తర్వాత అసలు రెస్పాన్స్ రాస్తుంది, ఎక్సెప్షన్ అక్కడ పడింది. అప్పటికి నీ సేవ్‌చేంజెస్ ఎప్పుడో అయిపోయింది. అందుకే రో ఉంది, 500 కూడా ఉంది.

బాగుచెయ్యడానికి దారులు చాలానే ఉన్నాయి. మెథడ్ పేరు చివర అసింక్ తీసెయ్యి, నా ఓటు దీనికే, కంట్రోలర్ యాక్షన్‌ని మన కోడ్‌లో ఇంకెవరూ పిలవరు కాబట్టి ఆ తోక అక్కడ ఎవరికీ పనికిరాదు. లేదా యాడ్‌కంట్రోలర్స్ ఆప్షన్లలో సప్రెస్‌అసింక్‌సఫిక్స్‌ఇన్‌యాక్షన్‌నేమ్స్ అన్నదాన్ని ఫాల్స్ చెయ్యి. లేదా గెట్ రూట్‌కి ఒక పేరు పెట్టి క్రియేటెడ్‌యాట్‌రూట్ వాడు. ఏది చేసినా రూట్‌లో ఐడీ అని ఉంటే నువ్వు పంపే విలువ పేరు కూడా ఐడీయే ఉండాలి, ఆర్డర్‌ఐడీ అని పంపితే మళ్ళీ అదే మెసేజ్ వస్తుంది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి చెప్తా. నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఈ తప్పుతోనే కోడ్ లైవ్‌కి వెళ్ళింది. మొబైల్ యాప్ 500 చూసి, ఫెయిల్ అయింది కాబోలు అని మళ్ళీ పంపేది, మూడుసార్లు ప్రయత్నించి ఆగేది. ప్రతిసారీ మా వైపు రో పడేది. పొద్దున్న చూసుకుంటే ఒక్కో కస్టమర్‌కి మూడేసి ఆర్డర్లు, ప్యాకింగ్ వాళ్ళు అప్పటికే కొందరికి మూడేసి డబ్బాలు కట్టేశారు. యాప్ రాసినవాళ్ళ తప్పు ఇసుమంత కూడా లేదు, మేం ఫెయిల్ అని చెప్పాం, వాళ్ళు నమ్మారు. ఆ తర్వాత నుంచి పోస్ట్ రాసిన ప్రతిసారీ యాప్ వైపు నుంచే ఒక యునీక్ కీ పంపమని అడుగుతున్నా, టేబుల్‌లో దాని మీద యునీక్ ఇండెక్స్ పెడతా, అదే కీ మళ్ళీ వస్తే కొత్తది చెయ్యకుండా పాత ఆర్డరే తిరిగిస్తా. నీ ప్రాజెక్ట్‌లో డబ్బుతో ముడిపడ్డది ఏదైనా ఉంటే ఇవాళే ఇది పెట్టుకో.

ప్రశ్న: సార్/మేడం, పోస్ట్‌మ్యాన్‌లో బ్రహ్మాండంగా వస్తోంది, బ్రౌజర్‌లో నడిచే మా యాంగ్యులర్ ఫ్రంట్ ఎండ్ నుంచి పిలిస్తే కోర్స్ (CORS) ఎర్రర్. పాలసీ రాశాను, యాడ్‌కోర్స్ పెట్టాను. (విజయవాడ)

జవాబు: కోర్స్ అనేది ఒక అడ్రస్‌లోని పేజీ ఇంకో అడ్రస్‌లోని ఏపీఐని పిలవొచ్చా లేదా అన్నదానికి బ్రౌజర్ పెట్టుకున్న నియమం, పోస్ట్‌మ్యాన్‌కి దాంతో సంబంధం లేదు, కాబట్టి అక్కడ రావడం వల్ల ఏదీ రుజువు కాదు. యాడ్‌కోర్స్ రాస్తే పాలసీ తయారవుతుంది అంతే, యూజ్‌కోర్స్ రాస్తేనే అమలవుతుంది, అది కూడా యూజ్‌రూటింగ్ తర్వాత, యూజ్‌ఆథరైజేషన్‌కి ముందు ఉండాలి. మీ ఆరిజిన్ చివర ఒక స్లాష్ ఉంది, లోకల్‌హోస్ట్ 4200 తర్వాత, అది తీసెయ్యండి, అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఇంకోటి, యాంగ్యులర్‌లో అడ్రస్ హెచ్‌టీటీపీ అని ఇచ్చి ఇటు యూజ్‌హెచ్‌టీటీపీఎస్‌రీడైరెక్షన్ పెట్టారు, బ్రౌజర్ ముందుగా పంపే ఆప్షన్స్ రిక్వెస్ట్‌ని రీడైరెక్ట్ చేస్తే అది ఒప్పుకోదు. నేరుగా హెచ్‌టీటీపీఎస్ అడ్రసే ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, ఆర్డర్ గెట్ చేస్తే ఆబ్జెక్ట్ సైకిల్ అని ఎర్రర్. నెట్‌లో చూసి ఇగ్నోర్‌సైకిల్స్ పెట్టా, పోయింది. మా లీడ్ మాత్రం అది తీసేసి డీటీఓ (డేటా పంపడానికీ తీసుకోవడానికీ విడిగా రాసే క్లాస్) రాయమంటున్నారు. ఎంటిటీలో (టేబుల్‌కి జతగా ఉండే క్లాస్) ఉన్నవే మళ్ళీ ఇంకో క్లాస్‌లో రాయడం డబుల్ పని కదా? (వరంగల్)

జవాబు: మీ లీడ్ మాట విను చెల్లీ. డబుల్ పనే, ఒప్పుకుంటా, కానీ ఆ రెండు క్లాసులు చూడ్డానికి ఒకేలా ఉన్నా చేసే పని వేరు.

ముందు సైకిల్ సంగతి. ఆర్డర్‌లో ఐటమ్స్ ఉన్నాయి, ప్రతి ఐటమ్‌లోనూ తిరిగి ఆర్డర్ ఉంది, టేబుళ్ళని క్లాసులుగా చూపించే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ లైబ్రరీకి ఆ రెండువైపుల దారి కావాలి. జేసన్ చేసేవాడు ఆర్డర్‌లోంచి ఐటమ్‌లోకి, ఐటమ్‌లోంచి ఆర్డర్‌లోకి తిరుగుతూనే ఉంటాడు, అందుకే ఆపేసి ఎర్రర్ ఇచ్చాడు. ఇగ్నోర్‌సైకిల్స్ పెడితే తిరిగొచ్చిన చోట నల్ పెట్టి ముందుకు పోతాడు. ఎర్రర్ పోయింది నిజమే, కానీ ఇప్పుడు యాప్‌కి వెళ్ళే జేసన్‌లో ప్రతి ఐటమ్ కిందా ఆర్డర్ నల్ అని ఉంటుంది, ఆ యాప్ రాసే కుర్రాడు దాన్ని చూసి ఈ ఐటమ్‌కి ఆర్డర్ లేదేమో అని తల పట్టుకుంటాడు.

అంతకంటే పెద్ద సంగతి లోపలికొచ్చే వైపు ఉంది. నీ పోస్ట్ మెథడ్ నేరుగా ఆర్డర్ ఎంటిటీనే తీసుకుంటోంది. ఆ ఎంటిటీలో ఈజ్‌పెయిడ్ ఉంది, డిస్కౌంట్ ఉంది. నీ యాప్ స్క్రీన్ మీద ఆ బాక్సులు లేవు కాబట్టి ఎవరూ పంపరు అనుకుంటున్నావు. ఎవరైనా పోస్ట్‌మ్యాన్ తెరిచి జేసన్‌లో ఈజ్‌పెయిడ్ ట్రూ అని ఒక్క ముక్క కలిపి పంపితే చాలు, పేరు కలిసింది కదా అని ఫ్రేమ్‌వర్క్ దాన్ని బుద్ధిగా నింపేస్తుంది, నువ్వు బుద్ధిగా సేవ్ చేసేస్తావు, డబ్బు కట్టని ఆర్డర్ కట్టినట్టు ప్యాకింగ్‌కి వెళ్ళిపోతుంది. దీన్నే ఓవర్‌పోస్టింగ్ అంటారు. ఐటమ్, క్వాంటిటీ, అడ్రస్ ఈ మూడే ఉన్న ఒక చిన్న క్లాస్ రాసి దాన్ని తీసుకో, ధర సర్వర్‌లోనే లెక్కకట్టు, ఇక ఎవరేం కలిపి పంపినా పెట్టుకునే చోటే ఉండదు.

బయటికెళ్ళే వైపు కూడా అంతే. ఇవాళ కస్టమర్ టేబుల్‌లో పేరు, ఫోన్ ఉన్నాయి, ఎంటిటీనే రిటర్న్ చేస్తున్నావు, బాగానే ఉంది. ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో ఆ టేబుల్‌లో పాస్‌వర్డ్ హ్యాష్ కాలమ్ కలుపుతారు, వాళ్ళకి నీ కంట్రోలర్ ఉందని కూడా తెలియదు, మర్నాటి నుంచి నీ గెట్ దాన్ని ఊరందరికీ పంచుతుంది. డీటీఓ ఉంటే టేబుల్ ఎంత పెరిగినా బయటికి వెళ్ళేది నువ్వు రాసిన నాలుగు ఫీల్డులే. క్వెరీలోనే సెలెక్ట్ పెట్టి నేరుగా డీటీఓలోకి తీసుకుంటే డేటాబేస్ నుంచి కూడా ఆ కాలమ్‌లే వస్తాయి, సైకిల్ గొడవ దానంతటదే పోతుంది.

ప్రశ్న: మా టీమ్‌లో అన్నిటికీ 200 ఇచ్చి, బాడీలో సక్సెస్ ఫాల్స్ అని పంపడం అలవాటు. ఫ్రంట్ ఎండ్ వాళ్ళకి సులువు అంటారు. మీరేమంటారు? (బెంగళూరు నుంచి ఒక తెలుగు డెవలపర్)

జవాబు: మానెయ్యమంటా. స్టేటస్ కోడ్ చదివేది ఫ్రంట్ ఎండ్ ఒక్కటే కాదు, మానిటరింగ్ టూల్ చదువుతుంది, మధ్యలో ప్రాక్సీ చదువుతుంది, రీట్రై చేసే లైబ్రరీ చదువుతుంది. వాటికి మీ సక్సెస్ ఫాల్స్ తెలియదు. రాత్రంతా పేమెంట్లు ఫెయిలవుతున్నా డ్యాష్‌బోర్డ్ పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. దొరకలేదంటే 404, టోకెన్ లేకపోతే 401, టోకెన్ ఉన్నా అనుమతి లేకపోతే 403, వేరేవాళ్ళు ఈలోపే మార్చేశారంటే 409. కారణం చెప్పాలంటే మీ సొంత ఆకారం కనిపెట్టక్కర్లేదు, ప్రాబ్లమ్‌డీటెయిల్స్ అని ఒక ప్రామాణిక రూపం ఉంది, 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7807గా వచ్చింది, 2023లో దాని స్థానంలో 9457 వచ్చింది, కంట్రోలర్‌బేస్‌లో ప్రాబ్లమ్ అన్న మెథడ్ పిలిస్తే అదే ఇస్తుంది.

ప్రశ్న: మినిమల్ ఏపీఐలు (కంట్రోలర్ క్లాస్ లేకుండా నేరుగా రూట్లు రాసే పద్ధతి) వచ్చేశాక కంట్రోలర్లు నేర్చుకోవడం వేస్టా మేడం? (గుంటూరు)

జవాబు: కాదు. మినిమల్ ఏపీఐలు 2021 నవంబర్‌లో డాట్‌నెట్ 6తో వచ్చాయి, బాగుంటాయి, చిన్న సర్వీసులకి నేనూ అవే వాడుతున్నా. వ్యాలిడేషన్ లేదన్న లోటు కూడా 2025లో వచ్చిన డాట్‌నెట్ 10తో తీరింది. కానీ ఉద్యోగంలో చేరాక నీ చేతికిచ్చే ప్రాజెక్ట్ కొత్తది కాదు, ఏళ్ళ తరబడి నడుస్తున్నది, అందులో ఉండేవి కంట్రోలర్లే. పైగా రూటింగ్, డిపెండెన్సీ ఇంజెక్షన్, మిడిల్‌వేర్, ఇవన్నీ రెండిటికీ ఒకటే, ఒకటి గట్టిగా వస్తే రెండోది వారంలో వస్తుంది.

ప్రశ్న: యూట్యూబ్ వీడియోలో ప్రాజెక్ట్ రన్ చెయ్యగానే స్వాగర్ పేజీ (ఏపీఐని బ్రౌజర్‌లోనే చూసి నడిపే పేజీ) వస్తోంది, నాకు రావట్లేదు. ఇన్‌స్టలేషన్ తప్పా? (నెల్లూరు)

జవాబు: తప్పేం లేదు. 2024 నవంబర్‌లో వచ్చిన డాట్‌నెట్ 9 నుంచి టెంప్లేట్‌లో ఆ స్వాగర్ పేజీ ఇచ్చే స్వాష్‌బకుల్ ప్యాకేజీ తీసేశారు, వీడియో పాతది. ఇప్పుడు మ్యాప్‌ఓపెన్‌ఏపీఐ ఉంటుంది, అది /ఓపెన్‌ఏపీఐ/వీ1 డాట్ జేసన్ దగ్గర వివరాల ఫైల్ మాత్రం ఇస్తుంది, పేజీ ఇవ్వదు. పేజీ కావాలంటే స్వాష్‌బకుల్ ప్యాకేజీ నువ్వే కలుపుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

ప్రశ్న: అక్కా, రాత్రి 8 గంటలకి పెట్టిన ఆర్డర్ యాప్‌లో మధ్యాహ్నం 2:30 అని చూపిస్తోంది. సర్వర్‌లో యూటీసీ నౌ (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) వాడాను, అదే సరైన పద్ధతి అని చదివాను. ఫ్రంట్ ఎండ్‌లో ఐదున్నర గంటలు కలిపేస్తే సరిపోతుందా? (రాజమండ్రి)

జవాబు: కలపొద్దు తమ్ముడూ, చచ్చినా కలపొద్దు. మీ ఊరు నుంచి వెళ్ళి డల్లాస్‌లో ఉంటున్న కొడుకు అమ్మకి పచ్చడి ఆర్డర్ పెడితే అతని ఫోన్‌లో ఆ ఐదున్నర గంటలు ఏ లెక్కకీ అందవు.

యూటీసీ నౌ వాడటం సరైనదే. తేడా దారిలో వచ్చింది. సేవ్ చేసేటప్పుడు నీ డేట్‌టైమ్ ఇది యూటీసీ అని గుర్తు పెట్టుకుని ఉంది, కానీ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్2 కాలమ్‌కి ఆ గుర్తు దాచే చోటు లేదు, ఉత్త అంకెలే దాస్తుంది. తిరిగి చదివేటప్పుడు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ దానికి ఏ జోనో తెలియదు అన్న ముద్ర వేసి ఇస్తుంది. జేసన్‌లోకి వెళ్ళేసరికి చివర జెడ్ అన్న అక్షరం రాదు. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ ఆ జెడ్ లేని టైమ్ చూసి, ఇది ఇక్కడి లోకల్ టైమే అనుకుని 14:30ని అలాగే 2:30 అని చూపిస్తుంది. ఒకసారి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పోస్ట్ రెస్పాన్స్, గెట్ రెస్పాన్స్ పక్కపక్కన పెట్టి చూడు, అదే ఆర్డర్ టైమ్‌కి పోస్ట్‌లో జెడ్ ఉంటుంది, గెట్‌లో ఉండదు.

కొత్త ప్రాజెక్ట్ కాబట్టి ఆ కాలమ్‌ని డేట్‌టైమ్‌ఆఫ్‌సెట్‌గా మార్చేసుకో, ఆఫ్‌సెట్ కూడా విలువతోపాటే టేబుల్‌లో ఉంటుంది, జేసన్‌లోకీ వెళ్తుంది. టేబుల్ మార్చే వీలు లేకపోతే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్‌లో వ్యాల్యూ కన్వర్టర్ పెట్టి, చదివేటప్పుడు స్పెసిఫైకైండ్‌తో యూటీసీ ముద్ర వెయ్యి. ఫ్రంట్ ఎండ్‌లో ఇప్పటికే ఎవరైనా ఐదున్నర కలిపి ఉంటే, నువ్వు ఇది సరిచేసిన రోజే అదీ తీయించు, రెండూ ఒకే రిలీజ్‌లో వెళ్ళాలి, లేకపోతే రాత్రి 8 గంటల ఆర్డర్ మర్నాడు తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి చూపిస్తుంది.